స్ప్రింగు ఎటువైపు ఉండాలి? చార్జింగ్ కాంటాక్టుల మీద పాఠకుల ప్రశ్నలు

ఇంట్లో సొంతంగా తయారు చేసుకున్న చేతి పరికరాన్ని స్టాండులో పెట్టగానే చార్జింగ్ ఎక్కాలి. దానికి కావలసిన లోహపు ముక్కలు ఎక్కడ దొరుకుతాయి? ఈ నెల ఉత్తరాల్లో ఇదే ప్రశ్న రకరకాలుగా వచ్చింది. అందుకే మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి, వీటన్నిటికీ ఒకేచోట జవాబిస్తున్నాను.

ప్రశ్న: చేతిలో పట్టే చిన్న గేమింగ్ పరికరం తయారు చేసుకున్నాను. పెట్టె త్రీడీ ప్రింటర్‌తో చేసింది. లోపల ఒక 18650 లిథియం సెల్లు, టీపీ4056 చార్జింగ్ బోర్డు ఉన్నాయి. కార్డ్‌లెస్ ఫోన్ లాగా దీన్ని స్టాండులో నిలబెడితే చార్జ్ కావాలని కోరిక. ఆ ఫోన్ల కింద ఉండే మెరిసే ముక్కల్ని ఏమంటారు? ‘చార్జింగ్ కాంటాక్ట్’ అని వెతికితే కేబుళ్లు, కారు చార్జర్లు తప్ప ఇంకేమీ రావడం లేదు.

జవాబు: వెతికే మాట మార్చండి, దొరుకుతాయి. మీకు కావలసినవి జంటగా ఉంటాయి. ఒకవైపు నొక్కితే లోపలికి దిగి మళ్లీ పైకి లేచే ముక్క, రెండో వైపు కదలకుండా చదునుగా ఉండే ముక్క. కదిలేదాన్ని ‘పోగో పిన్’ అనో ‘స్ప్రింగ్ లోడెడ్ కాంటాక్ట్’ అనో అమ్ముతారు. చదునుగా ఉండేది ‘కాంటాక్ట్ ప్యాడ్’ లేదా ‘టార్గెట్’. మిల్-మ్యాక్స్, హార్విన్, ప్రెసి-డిప్ లాంటి కంపెనీలు వీటిని చేస్తాయి. డిజి-కీ, మౌసర్ లాంటి పెద్ద విడిభాగాల కేటలాగుల్లో కనెక్టర్ల విభాగంలో ‘స్ప్రింగ్ లోడెడ్’ అని వేరే అర ఉంటుంది. ‘చార్జింగ్’ అనే మాట మాత్రం అక్కడ వాడకండి. కరెంటు దేనికోసం వెళ్తుందో ఆ పిన్ను తయారు చేసినవాడికి అనవసరం.

కొనే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: స్ప్రింగు స్టాండులో ఉండాలా, పరికరంలో ఉండాలా? నన్నడిగితే వంద సార్లలో తొంభై తొమ్మిది సార్లు స్టాండులోనే. పరికరం జేబులో తిరుగుతుంది, కింద పడుతుంది, చెమట చేతుల్లో నలుగుతుంది. బయటికి పొడుచుకొచ్చిన పిన్ను గుడ్డకు తగులుకుంటుంది, వంగుతుంది, దాని గొట్టంలోకి నలుసు దూరి ఇరుక్కుంటుంది. స్టాండు బల్ల మీదే ఉంటుంది కాబట్టి, అక్కడి పిన్ను పాడైనా విప్పి ఇంకోటి వేసుకోవచ్చు. వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లు తెరిచి చూడండి. పిన్నులు డబ్బాలో ఉంటాయి, చెవిలో పెట్టుకునే దాని మీద రెండు చదును చుక్కలే కనిపిస్తాయి.

ఇక ఊరికే దొరికే సరుకు సంగతి. మీరు చెప్పిన కార్డ్‌లెస్ ఫోనే ఒక నిధి. పాడైపోయినదాన్ని విప్పితే స్టాండులో వంచిన స్ప్రింగు తీగలో రేకులో ఉంటాయి, ఫోన్‌లో వాటికి తగ్గ ప్యాడ్లు ఉంటాయి. రెండూ ఒకదాని కోసం ఇంకొకటి పుట్టినవే కాబట్టి కొలతల తలనొప్పి లేదు. పాత వాకీటాకీ అయితే ఇంకా మేలు. బ్యాటరీ ప్యాక్ బయటే పెద్ద ప్యాడ్లుంటాయి, స్టాండులో గట్టి స్ప్రింగులుంటాయి. కెమెరా బ్యాటరీ చార్జర్లు, బ్యాటరీ ఊడదీయగలిగే పాత మొబైళ్లు కూడా మంచివే. ఆ మొబైళ్లలో బంగారు పూతతో మూడు నాలుగు రేకులున్న చిన్న బ్లాకు ఉంటుంది. మొత్తంగా పీకి వాడుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త. లోహం తీసుకోండి కానీ స్టాండులోని కరెంటు వలయాన్ని వదిలేయండి. కార్డ్‌లెస్ ఫోన్లలో ఎక్కువగా ఉండేవి నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు. వాటికి సన్నటి ధారగా కరెంటు ఎక్కిస్తూ ఉంటే సరిపోతుందని చవకగా చేసిన స్టాండులవి. లిథియం సెల్లుకు ఆ పద్ధతి పనికిరాదు. 4.2 వోల్టుల దగ్గర వోల్టేజీ నిలిపి, కరెంటు తగ్గిపోయాక ఆపేసేవాడు కావాలి. మీ దగ్గర ఆ పని టీపీ4056 చేస్తోంది. ఆ బోర్డు పరికరం లోపలే ఉండాలి, స్టాండు నుంచి వచ్చేది మామూలు 5 వోల్టులే కావాలి. కొందరు చార్జరు బోర్డును స్టాండులో పెట్టి, సెల్లు రెండు కొసల్ని నేరుగా బయటి ప్యాడ్లకు కలుపుతారు. పరికరం తేలికవుతుందని వాళ్ల వాదన. జేబులో తాళంచెవులు ఆ రెండు ప్యాడ్లకూ అడ్డంగా పడ్డ రోజున 18650 సెల్లు ఎన్ని ఆంపియర్లు కక్కగలదో అప్పుడు తెలుస్తుంది. దయచేసి వద్దు.

కేటలాగులో చూడవలసిన అంకెలు కొన్నే. ఒక్కో పిన్ను ఎంత కరెంటు మోస్తుంది (చిన్నవాటిలో మామూలుగా 1 నుంచి 2 ఆంపియర్లు), ఎంత దూరం లోపలికి దిగుతుంది, ఎంత బలంతో తోస్తుంది, పూత ఏమిటి. మొత్తం కదలిక 1.4 మిల్లీమీటర్లున్న పిన్నయితే, పరికరం కూర్చున్నప్పుడు 0.7 దగ్గర ఆగేలా స్టాండు గీసుకోండి. పూర్తిగా అణిగిపోతే స్ప్రింగు అలసిపోతుంది, అంచు మీదే ఆనితే కాస్త కదిలినా తెగిపోతుంది. సగం దగ్గర ఉంటే మీ ప్రింటరు చేసే చిన్నా చితకా తేడాల్ని పిన్నే సర్దుకుంటుంది.

తోసే బలాన్ని చాలామంది పట్టించుకోరు. ఒక్కో పిన్ను 60 గ్రాముల బలంతో తోస్తుందనుకోండి. నాలుగు పిన్నులైతే 240 గ్రాములు. మీ పరికరం బరువు 150 గ్రాములే అయితే అది పిన్నుల మీద తేలుతుంది తప్ప అణగదు. వేలితో నొక్కితే దీపం వెలుగుతుంది, వదిలితే ఆరిపోతుంది. అలాంటప్పుడు తక్కువ బలమున్న పిన్నులు వెతకాలి, లేదా రెండు పిన్నులతో సరిపెట్టుకోవాలి, లేదా అయస్కాంతంతో కిందికి లాగాలి. అయస్కాంతాల సంగతి ఇంకో పాఠకురాలు అడిగారు, అక్కడ చెబుతాను.

ప్యాడ్లను పెట్టె ఉపరితలం కంటే అర మిల్లీమీటరు లోపలికి దించండి. చదునైన లోహం ఏది తగిలినా రెండిటినీ కలపలేదు. పరికరాన్ని తిరగేసి పెట్టే అవకాశం లేకుండా స్టాండుకు ఒక మూల కోసేయడం అన్నిటికంటే సులువు. అటూ ఇటూ ఎలా పెట్టినా పనిచేయాలంటే మూడు ప్యాడ్లు వేసి, మధ్యది ప్లస్, పక్కవి రెండూ మైనస్ చేయండి.

ప్రశ్న: పోగో పిన్నులని వెతికితే ‘పి75’ అనే సన్నటి పొడుగు పిన్నులు సంచీ నిండా వచ్చాయి. మొన సూదిలా ఉంది. వీటితో చార్జింగ్ స్టాండు చేయవచ్చా?

జవాబు: ఇది నాకు ఇష్టమైన ప్రశ్న, ఎందుకంటే నా ఉద్యోగమంతా వీటి మధ్యే గడిచింది. సర్క్యూట్ బోర్డులు తయారయ్యాక ఒక్కొక్కటీ పనిచేస్తుందో లేదో చూడాలి కదా. అందుకు ఒక పలక మీద ఇలాంటి పిన్నులు వందల కొద్దీ నిలబెట్టి, బోర్డును వాటి మీదికి దించుతాం. ప్రతి పిన్నూ ఒక సోల్డరు చుక్కను పొడిచి పట్టుకుంటుంది. పేరులోని 75 అంటే రెండు పిన్నుల మధ్య ఉండగల కనీస దూరం, అంగుళంలో వెయ్యింట 75 వంతులు, అంటే సుమారు 1.9 మిల్లీమీటర్లు. దాని అన్న పి100కి ఆ దూరం 2.54.

అంటే ఇవి పరీక్ష పిన్నులు. మొన సూదిలా ఎందుకుంది? సోల్డరు మీద పేరుకున్న ఫ్లక్సు (సోల్డరు బాగా అంటుకోవడానికి వాడే పదార్థం) పొరను, ఆక్సైడును గుచ్చుకుని వెళ్లడానికి. అదే మొనతో బంగారు పూత ప్యాడును రోజూ గుచ్చితే పూతకు గుంట పడి, కింది నికెలు, ఆ కింద రాగి బయటపడతాయి. పేరు చివర ఉండే అక్షరం మొన ఆకారాన్ని చెబుతుంది. ‘బి’ అంటే సూది మొన. ‘జె’, ‘డి’ గుండ్రటివి. చార్జింగుకు గుండ్రటివే కావాలి. మీరు కొన్నవి బి రకమయ్యుంటాయి, వాటిని బోర్డులు పరీక్షించుకోవడానికి దాచుకోండి, పనికొస్తాయి.

గుండ్రటి మొనవి దొరికినా ఇంకో చిక్కుంది. వీటి గొట్టానికి నేరుగా సోల్డరు పెడితే వేడికి లోపలి స్ప్రింగు బిర్రు తగ్గుతుంది. కరిగిన ఫ్లక్సు గొట్టంలోకి పాకి ముక్కను బిగించేస్తుంది. అందుకే మేం ఎప్పుడూ పిన్నుకు సోల్డరు పెట్టేవాళ్లం కాదు. ‘ఆర్75’ అని విడిగా ఒక తొడుగు వస్తుంది. వైరును తొడుగుకు అతికించి, పిన్నును దానిలోకి నొక్కడమే. పిన్ను అరిగితే పీకి కొత్తది పెడతాం, వైరు కదలదు. మీరు స్టాండు చేస్తే ఇదే పద్ధతి పాటించండి. తొడుగు లేకుండా సోల్డరు పెట్టక తప్పకపోతే మొనను పైకి ఉంచి, కింది కొసకు తక్కువ ఫ్లక్సుతో చప్పున ముగించండి. పని అయ్యాక మొనను పది సార్లు నొక్కి, సాఫీగా లేస్తుందో లేదో చూడండి.

బోర్డు మీద నిలబెట్టడానికే చేసిన పొట్టి పోగో పిన్నులు వేరే ఉంటాయి. ఏవి కొనాలని అడిగితే నేను వాటినే చెబుతాను. వాటిలో మంచివాటికి లోపలి ముక్క అడుగు ఏటవాలుగా కోసి ఉంటుంది. నొక్కినప్పుడు ముక్క గొట్టం గోడకు ఒరిగి, కరెంటు గోడ గుండా పోతుంది. అలా లేనివాటిలో అప్పుడప్పుడు కరెంటంతా సన్నటి స్ప్రింగు గుండానే పోవలసి వస్తుంది. స్ప్రింగు వేడెక్కి మెత్తబడుతుంది. మరీ చవక పిన్నులు కొన్నాళ్లకు లేవడం మానేయడానికి ఇదొక కారణం.

ప్రశ్న: స్టాండుకు పిన్నులు దొరికాయి. పరికరం వైపు చదును ప్యాడ్లకు ఇంట్లో ఉన్నవేమైనా వాడవచ్చా? డ్రాయింగ్ పిన్నులు, స్క్రూలు, టిచ్ బటన్లు, అల్యూమినియం రేకు, స్టీలు ముక్క ఉన్నాయి.

జవాబు: అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీలు తీసి పక్కన పడేయండి. రెండిటి మీదా కంటికి కనిపించని ఆక్సైడు పొర ఉంటుంది, గీకినా వెంటనే మళ్లీ వస్తుంది. తుప్పు పట్టకుండా కాపాడేది ఆ పొరే, కరెంటును అడ్డుకునేదీ అదే. మామూలు సోల్డరు వాటికి అంటుకోదు కూడా.

డ్రాయింగ్ పిన్నులకు అయస్కాంతం దగ్గర పెట్టి చూడండి. అతుక్కుంటే అది ఇనుము మీద ఇత్తడి పూత. పూత అరిగాక తుప్పు పడుతుంది. ప్రయోగానికి ఫర్వాలేదు, ఏళ్లు ఉండాలంటే కాదు. టిచ్ బటన్లకూ అదే పరీక్ష. నిజమైన ఇత్తడి దొరికితే టిచ్ బటన్ జంట ఒక చక్కటి కనెక్టరే. తనలో తానే బిగుసుకుంటుంది, స్ప్రింగు పిన్ను అక్కర్లేదు. అయితే స్టాండులో పెట్టి తీసేదానికి కాదు, ఒంటికి కట్టుకునే పరికరాలకు బాగుంటుంది.

మీ జాబితాలో నా ఓటు చదును తల ఇత్తడి స్క్రూకే. పెట్టెకు రంధ్రం చేసి, బయటి నుంచి స్క్రూ దూర్చి, లోపల వాషరు, రింగు టెర్మినలు, నట్టు బిగించండి. సోల్డరింగ్ అవసరమే లేదు. ప్లాస్టిక్ పెట్టెలో స్క్రూకు నేరుగా ఐరన్ పెడితే ఏమవుతుందో ఊహించండి. త్రీడీ ప్రింటర్లలో వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, సోల్డరింగ్ ఐరన్ 300 దాటి ఉంటుంది. స్క్రూ తలను సన్నటి ఎమెరీతో నున్నగా చేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిస్తే చాలు. ఇత్తడి మెల్లగా నల్లబడుతుంది, అప్పుడప్పుడు తుడుచుకోవాలి.

అంతకంటే అందంగా కావాలంటే ప్యాడ్లనే ఒక చిన్న సర్క్యూట్ బోర్డుగా గీసి చేయించుకోండి. పూత అడిగిన చోట ‘ఎనిగ్’ అని ఎంచుకోండి. నికెలు మీద బంగారం వస్తుంది. బంగారం మందం చాలా తక్కువ, 0.05 నుంచి 0.1 మైక్రాన్ల వరకు. సూది మొన పిన్నులు వద్దని పైన గట్టిగా చెప్పింది ఇందుకే. రోజుకు చాలాసార్లు పెట్టి తీసే పరికరమైతే ‘హార్డ్ గోల్డ్’ అడగాలి. కొంచెం కోబాల్టు కలిపిన గట్టి బంగారం అది. బోర్డు అంచున దూర్చే కాంటాక్టులకు వేసేది అదే, పూత కూడా మందంగా ఉంటుంది.

ప్యాడుకు సోల్డరు పూసి ‘ఇదీ లోహమే కదా’ అనుకోకండి. తగరం మీద బంగారపు పిన్ను చిన్నగా కదులుతూ రాసుకుంటే తగరపు ఆక్సైడు పొడి రాలి, రెండిటి మధ్యా చేరుతుంది. బంగారానికి బంగారమే జత.

ప్రశ్న: పిన్నులు ఎందుకు? చిన్న నియోడిమియం అయస్కాంతాలకే వైర్లు అతికిస్తే అవే పట్టుకుంటాయి, అవే కరెంటు ఇస్తాయి కదా?

జవాబు: ఆలోచన బాగుందమ్మా, చాలామంది చేస్తారు కూడా. అయస్కాంతం మీది నికెలు పూత కరెంటును మోస్తుంది. చిక్కు సోల్డరింగులో ఉంది. మామూలు రకం నియోడిమియం అయస్కాంతాలు 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోవడం మొదలవుతుంది. ఐరన్ ఆనించి మీరు ‘అతికింది’ అనుకునేసరికి అది ఉత్త లోహపు బిళ్లవుతుంది. పైగా రెండు గట్టి చదును ముఖాలు ఎప్పుడూ మూడు నాలుగు బిందువుల దగ్గరే తాకుతాయి, స్ప్రింగు లేదు కాబట్టి సర్దుకోవు.

లాగడానికి అయస్కాంతం, కరెంటుకు పిన్ను అని పని విభజించండి. ఆపిల్ 2006లో తెచ్చిన మ్యాగ్‌సేఫ్ లోనూ ఇదే ఏర్పాటు. చుట్టూ అయస్కాంతం, మధ్యలో ఐదు స్ప్రింగు పిన్నులు, ఎటు తిప్పి పెట్టినా సరిపోయే వరస. మీరు చేసేటప్పుడు ఒక అయస్కాంతాన్ని ఉత్తర ధ్రువం పైకి, రెండోదాన్ని దక్షిణ ధ్రువం పైకి బిగించండి. తిరగేసి పెడితే స్టాండు పరికరాన్ని తోసేస్తుంది, ప్లస్ మైనస్ తారుమారయ్యే భయం ఉండదు. జిగురు వేసే ముందు గుర్తు పెట్టుకోండి. ఆరిన ఎపాక్సీ నుంచి అయస్కాంతం ఊడదీయడమంత చిరాకు పని ఇంకోటి లేదు.

ఇంత గొడవ వద్దనుకుంటే స్మార్ట్ వాచీల కోసం తయారైన అయస్కాంతపు చార్జింగ్ కేబుళ్లు విడిగా దొరుకుతాయి. రెండు పిన్నులవి, నాలుగు పిన్నులవి ఉంటాయి, పిన్నుల మధ్య దూరం రకరకాలుగా ఉంటుంది. ముందు కేబులు చేతికొచ్చాక, స్కేలుతో కొలిచి, దానికి తగ్గట్టు ప్యాడ్లు గీసుకోండి. ఈ అయస్కాంతపు తలలు ఇనుప రజను, స్టేప్లర్ పిన్నుల్ని పోగేసుకుంటాయి. అవి పిన్నుల్ని ఒకదానితో ఒకటి కలిపేయవచ్చు, అందుకే కరెంటు వైపు ఒక రీసెట్ అయ్యే ఫ్యూజు, అదే ‘పాలీఫ్యూజు’, తప్పకుండా పెట్టండి.

ప్రశ్న: నేను చేసిన చేతి రిమోట్‌కు బయట రెండు ఇత్తడి ప్యాడ్లున్నాయి. కొన్ని వారాలకే ప్లస్ ప్యాడుకు పచ్చగా చిలుము పట్టింది. మైనస్ మాత్రం బాగానే ఉంది. రెండూ ఒకే స్క్రూ డబ్బాలోవి. ఎందుకిలా?

జవాబు: ప్లస్‌కే పట్టిందన్నారు, సగం జవాబు అందులోనే ఉంది. ఊరికే పాతబడి పట్టిన చిలుమైతే రెండిటికీ పట్టేది. మీ పరికరం స్టాండులో లేనప్పుడు కూడా ప్యాడ్ల మీద వోల్టేజీ ఉంటోంది. చేతి చెమటలో ఉప్పు ఉంటుంది. రెండు ప్యాడ్ల మధ్య ఆ తడి పొర పరుచుకుంటే చిన్న విద్యుద్విశ్లేషణ మొదలవుతుంది. ప్లస్ వైపు రాగి అణువులు లోహాన్ని వదిలి తడిలో కలుస్తాయి, అక్కడి నుంచే ఆ పచ్చదనం. నీటిని విడగొట్టడానికి 1.23 వోల్టులు చాలు, లిథియం సెల్లు దగ్గర దానికి మూడింతలుంది.

మీటరు పెట్టి చూడండి. పరికరాన్ని చేతిలో పట్టుకుని, చార్జరు లేకుండా, రెండు ప్యాడ్ల మధ్య ఎంత ఉంది? మూడు పైన కనిపించినంత మాత్రాన కంగారు పడకండి. మీటరు చాలా సున్నితం, అతి చిన్న లీకేజీని కూడా పెద్ద అంకెగా చూపిస్తుంది. రెండు ప్యాడ్ల మధ్య 1 కిలో ఓమ్ రెసిస్టరు పెట్టి మళ్లీ కొలవండి. అప్పుడు దాదాపు సున్నాకు పడిపోతే అది లీకేజీ. అప్పటికీ 3.7 నిలబడితే సెల్లే బయటికి వచ్చినట్టు.

రెండో రకమైతే ప్లస్ ప్యాడు నుంచి లోపలికి వెళ్లే దారిలో ఒక షాట్కీ డయోడు పెట్టండి. కరెంటు లోపలికి వెళ్తుంది, బయటికి రాదు. మామూలు సిలికాన్ డయోడు వద్దు. అది 0.7 వోల్టులు మింగేస్తే 5లో 4.3 మిగులుతుంది, 4.2 దాకా నింపాల్సిన చార్జరుకు అది చాలదు. షాట్కీ సుమారు 0.3 మాత్రమే తీసుకుంటుంది. చార్జరు చిప్పే వెనక్కి రానివ్వకుండా ఆపుతుందని కొన్నిటి డేటాషీట్లలో రాసి ఉంటుంది, నిజమే. మీ బోర్డులో చార్జరు చిప్పును దాటేసి ఇంకేదైనా దారి ప్యాడుకు కలిసిందేమో కూడా చూడండి. నాకు తెలిసి ఎక్కువ సార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

స్టాండులోనూ ఇదే జరగవచ్చు. తడి చేత్తో పట్టుకున్న పరికరాన్ని తుడవకుండా 5 వోల్టుల మీద రాత్రంతా పెడితే మీ డయోడు ఏమీ చేయలేదు. తుడిచి పెట్టే అలవాటు చేసుకోవాలి. చిలుమెక్కిన స్క్రూను గీకి మళ్లీ వాడవద్దు, కొత్తది వేయండి.

ఎవరికైనా నికెలుతో చర్మం దురద పెడుతుంటే, ప్యాడ్లను అరచేయి ఆనని చోటికి, అంటే పరికరం అడుగుకు మార్చండి. చాలా పిన్నులకు బంగారం కింద నికెలే ఉంటుంది.

ప్రశ్న: స్టాండులో పెడితే చార్జింగ్ దీపం వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. కేబులు నేరుగా గుచ్చితే బాగానే ఎక్కుతుంది. పిన్నులు మార్చాలా?

జవాబు: మార్చే ముందు కొలవండి. చార్జింగ్ నడుస్తుండగా మీటరును మిల్లీవోల్టుల్లో పెట్టి, ఒక కొస పిన్ను వెనకాల సోల్డరు మీద, రెండో కొస దానికి ఎదురుగా ఉన్న ప్యాడు లోపలి వైపు ఆనించండి. 500 మిల్లీ ఆంపియర్లు పారుతుండగా 20 మిల్లీవోల్టులు కనిపిస్తే ఆ జంట నిరోధం 40 మిల్లీఓములు, మంచిదే. 200 మిల్లీవోల్టులు వస్తే మురికి, లేదా బలం చాలని పిన్ను. ఆల్కహాలు ముంచిన దూదితో రెండు వైపులా తుడిచి మళ్లీ కొలవండి. బంగారు పూత మీద గరుకు కాగితం పెట్టకండి. ఇత్తడి మీద ఫర్వాలేదు.

పిన్నుల దగ్గర అంకె బాగుండి, అయినా దీపం ఆరుతుంటే వైర్లను అనుమానించండి. స్టాండు నుంచి అడాప్టరు దాకా వెంట్రుకల్లాంటి వైర్లు వేసి ఉంటారు. పిన్నులు, వైర్లు, డయోడు అన్నీ కలిపి మింగగా చార్జరుకు అందే వోల్టేజీ సెల్లు వోల్టేజీకి మరీ దగ్గరగా పడిపోతే అది ఆగిపోతుంది. ఆగగానే కరెంటు లేక వోల్టేజీ మళ్లీ లేస్తుంది, మళ్లీ మొదలవుతుంది. మీరు చూస్తున్న మిణుకు అదే. చవకైన పరిష్కారం కరెంటు తగ్గించడం. టీపీ4056 బోర్డులో కరెంటును నిర్ణయించే రెసిస్టరు మామూలుగా 1.2 కిలో ఓములుంటుంది, 1 ఆంపియరు ఇస్తుంది. దాని బదులు 2 కిలో ఓములు వేస్తే సుమారు 580 మిల్లీ ఆంపియర్లవుతుంది. రాత్రి స్టాండులో పడి ఉండేదానికి తొందరేముంది? చిప్పు కూడా చల్లగా ఉంటుంది.

పిన్నులు మార్చాలనే నిర్ణయానికి వస్తే, పోగో పిన్నుకు బదులు వంచిన రేకు స్ప్రింగును ఒకసారి ఆలోచించండి. పోగో పిన్ను నిట్టనిలువుగా దిగుతుంది కాబట్టి మురికి మీదే కూర్చుంటుంది. రేకు వంగేటప్పుడు కొస కొంచెం జారుతుంది, ఆ జారుడులో ప్యాడును తానే తుడుచుకుంటుంది. చూడటానికి పాతకాలపు వస్తువే, దుమ్ము ఉండే చోట మాత్రం నేను దాన్నే పెడతాను. ఫాస్ఫర్ బ్రాంజ్ లేదా బెరీలియం కాపర్ రేకులు అడగండి. బెరీలియం కాపర్‌ను మాత్రం అరగదీయవద్దు, దాని పొడి పీలిస్తే ఊపిరితిత్తులకు హాని.

ప్రశ్న: ఇదంతా ఎందుకు, యూఎస్‌బీ టైప్-సి సాకెట్టు పెట్టేస్తే పోలేదా?

జవాబు: పోతుంది. చాలామందికి నా సలహా కూడా అదే. టైప్-సిని 10,000 సార్లు పెట్టి తీసినా తట్టుకునేలా నిర్దేశించారు, సాకెట్లు ఎక్కడైనా దొరుకుతాయి. ఒక్కటి మరవకండి. సీసీ1, సీసీ2 అనే రెండు కాళ్లకూ విడివిడిగా 5.1 కిలో ఓముల రెసిస్టర్లు గ్రౌండుకు పెట్టాలి. లేకపోతే రెండు వైపులా సి ఉన్న కేబులుతో చార్జరు అసలు కరెంటే ఇవ్వదు. రెండిటికీ కలిపి ఒకే రెసిస్టరు పెట్టడం కూడా కుదరదు. 2019లో వచ్చిన రాస్‌బెరీ పై 4 అనే చిన్న కంప్యూటరు మొదటి బోర్డుల్లో అలాగే చేశారు, కొన్ని కేబుళ్లతో పనిచేయక తర్వాతి బోర్డుల్లో సరిచేశారు.

స్టాండు కావాలనేది సరదా అయితే సరదాగానే చేయండి, కానీ టైప్-సి సాకెట్టును కూడా పక్కన ఉంచండి. రెండు దారులూ ఒకే చార్జరుకు వస్తే ఒక్కోదానికి ఒక షాట్కీ డయోడు పెట్టాలి.

ప్రశ్న: నీళ్లలో వాడే పరికరం. బయట ఏ లోహమూ ఉండకూడదు. కాంటాక్టులకు బదులు ఏముంది?

జవాబు: తీగచుట్ట. విద్యుత్ టూత్ బ్రష్షులు చాలావరకు చేసేది అదే. ‘చీ’ (Qi) అనే వైర్‌లెస్ చార్జింగ్ ప్రమాణానికి సరిపోయే రిసీవరు చుట్టలు చిన్న బోర్డుతో సహా దొరుకుతాయి, నేరుగా 5 వోల్టులిస్తాయి, దాన్ని మీ చార్జరు బోర్డుకు కలపడమే. పెట్టె గోడ రెండు మూడు మిల్లీమీటర్లు దాటకుండా చూసుకోండి, మందం పెరిగేకొద్దీ అందే శక్తి పడిపోతుంది. చుట్ట వెనకాల బ్యాటరీ గానీ లోహపు రేకు గానీ వస్తే మధ్యలో అయస్కాంత క్షేత్రం లోహానికి చేరకుండా ఆపే ఫెర్రైట్ షీటు పెట్టాలి. లేకపోతే ఆ లోహం వేడెక్కుతుంది, సెల్లు పక్కన అది మంచిది కాదు. పెట్టె మూసేసే ముందు ఒక పూర్తి చార్జింగ్ చేసి, చేయి పెట్టి వేడి చూసుకోండి. మూసేశాక విప్పడం కష్టం.